అమరోనే వైన్ రుచి చూడటం ఎలా? దాని పక్కన ఏం తినాలి?

ఇటలీ ఉత్తరాన, వెరోనా నగరాన్ని ఆనుకుని వాల్పొలిచెల్లా అనే కొండ ప్రాంతం ఉంది. అక్కడ శరదృతువులో కోసిన ద్రాక్షలో మంచి గుత్తులు ఏరి, రసం తీయకుండా పక్కన పెడతారు. గాలి బాగా ఆడే గదుల్లో, ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మూడు నాలుగు నెలలు ఆరనిస్తారు. మనం మామిడి ఒరుగులు ఎండబెట్టినట్టే అనుకోండి. కాకపోతే అక్కడ ఎండ తగలనివ్వరు, అంతా నీడలోనే. ఆరేసరికి పండు బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. నీరు పోతుంది, చక్కెర, రుచి చిక్కబడతాయి. ఈ పద్ధతి పేరు అపస్సిమెంతో. ఇలా ఆరిన కొర్వినా, కొర్వినోనే, రొందినెల్లా రకాల ద్రాక్షతో చేసే రెడ్ వైనే అమరోనే.

ఇదంతా ముందే ఎందుకు చెప్పానంటే, దీన్ని ఎలా తాగాలి, పక్కన ఏం తినాలి అన్నవి రెండూ ఈ ఆరబెట్టడం మీదే ఆధారపడి ఉన్నాయి. చక్కెర ఎక్కువ కాబట్టి పులిసినప్పుడు ఆల్కహాల్ కూడా ఎక్కువే తయారవుతుంది. నిబంధనల ప్రకారం కనీసం 14 శాతం ఉండాలి, మామూలుగా 15, 16 దాకా ఉంటుంది. కాబట్టి సీసా ఒకరిద్దరు కూర్చుని ఒక్క పూటలో పూర్తి చేసేది కాదు. 750 మిల్లీలీటర్లు ఆరుగురికి సరిపోతాయి. ఆ రోజు బండి నడపాల్సిన పని పెట్టుకోకండి.

సీసా ఎంచుకోవడం

లేబుల్ మీద ‘అమరోనే డెల్లా వాల్పొలిచెల్లా’ అని పూర్తి పేరు ఉండాలి. ఉత్త ‘వాల్పొలిచెల్లా’ అని ఉంటే అది తేలికపాటి వైన్, వేరే సంగతి. ‘రిపాస్సో’ అని ఉంటే, అమరోనే తీశాక మిగిలిన తొక్కల మీద మామూలు వాల్పొలిచెల్లాను పోసి మళ్ళీ పులియబెట్టినదని అర్థం. ధర తక్కువ, రుచి మాత్రం ఆ ఛాయల్లోనే ఉంటుంది. మొదటిసారి అయితే రిపాస్సోతో మొదలుపెట్టినా తప్పులేదు. ‘రెచోతో’ అని ఉంటే అది తీపి వైన్, భోజనం చివర్లో తాగేది. ‘రిసెర్వా’ అంటే కనీసం 4 ఏళ్ళు మాగబెట్టినది. మామూలు అమరోనేకి 2 ఏళ్ళు చాలు.

చల్లదనం, గాలి

రెడ్ వైన్‌ను గది వేడిలో తాగాలని ఎక్కడో చదివి, మే నెల హైదరాబాద్‌లో అలాగే పోసుకుంటే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ఆ మాట పుట్టింది చలిదేశాల గదుల్లో. అమరోనేకి 17, 18 డిగ్రీలు బాగుంటాయి. గది 30 డిగ్రీలుంటే సీసాను గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. టైమ్ లేకపోతే ఐసు కలిపిన నీళ్ళలో పది పన్నెండు నిమిషాలు ఉంచితే సరిపోతుంది.

తర్వాత గాలి. నేను మొదటిసారి కార్క్ తీసిన వెంటనే గ్లాసులో పోసుకున్నాను. ముక్కుకు ఘాటు, నాలుకకు వగరు, అంతే. మిగిలినది మూతపెట్టి మర్నాడు రాత్రి తాగితే, ఇది నిన్నటి సీసాయేనా అనిపించింది. అప్పటినుంచి భోజనానికి రెండు గంటల ముందే శుభ్రమైన గాజు జగ్గులోకి వంచుతున్నాను. కార్క్ తీసి సీసాను అలా వదిలేస్తే లాభం లేదు, ఆ సన్నని మూతిలోంచి గాలి ఎంత తగులుతుంది? పాత సీసా అయితే అడుగున మడ్డి ఉంటుంది. ముందురోజే నిలబెట్టి ఉంచి, నెమ్మదిగా వంచండి.

రుచి చూడటం

పెద్ద కడుపున్న గ్లాసు తీసుకుని, పావు వంతు మాత్రమే పోయండి. కొద్దిగా తిప్పి, వాసన చూడండి. ఎండు ద్రాక్ష, అంజీర్, మాగిన చెర్రీ తగులుతాయి. కాసేపు ఆగి మళ్ళీ చూస్తే లవంగం, దాల్చినచెక్క, కోకో, కొంచెం పొగాకు.

ఇప్పుడు చిన్న గుటక. మింగకుండా నోరంతా తిప్పండి. అమరో అంటే ఇటాలియన్‌లో చేదు. అమరోనే అంటే ‘బాగా చేదు’. తీపి రెచోతో ఒకటి పీపాలో మర్చిపోయి, చక్కెరంతా పులిసిపోవడంతో ఇది పుట్టిందని అక్కడ కథగా చెప్పుకుంటారు. అందుకే పేరు విని చాలామంది చేదు కోసం వెతుకుతారు. మీ నోట్లో చిగుళ్ళు బిగుసుకున్నట్టు, నాలుక గరుకెక్కినట్టు అనిపించేది చేదు కాదు, వగరు. నేరేడుపళ్ళు తిన్నప్పుడు, జామపిందె కొరికినప్పుడు వచ్చేదే. వైన్ వాళ్ళు టానిన్ అని చెప్పేది దీన్నే. చేదుకీ వగరుకీ తేడా తెలిసిన నోరు మనది, దాన్ని వాడుకోండి. వగరు మెత్తగా ఉండి, వెనక పండు రుచి, సన్నని పులుపు చాలాసేపు నిలిస్తే అది మంచి సీసా.

పక్కన ఏం తినాలి

వగరును కొవ్వు, మాంసం మెత్తబరుస్తాయి. అందుకే వెరోనాలో దీంతో వైన్‌లో గంటల తరబడి ఉడికించిన మాంసం, పాత పార్మిజానో, ఆ జిల్లా కొండల్లో చేసే మోంతే వెరొనేసే చీజ్ తింటారు. మన ఇంట్లో అయితే ఎముకతో ఉన్న మటన్‌ను ఉల్లిపాయ, వెల్లుల్లి, కొద్దిపాటి మిరియాలతో సన్నని సెగ మీద మూడు గంటలు ఉడికించండి. మిరపకాయ జోలికి పోకండి. ఇంత ఆల్కహాల్ మీద కారం పడితే నోరు రెట్టింపు మండుతుంది. గోంగూర మాంసం, నాటుకోడి పులుసు దీని పక్కన పెడితే రెండూ పాడవుతాయి. చేపలు కూడా వద్దు.

శాకాహారులకు నా సలహా రిసొట్టో, అంటే ఇటలీ వాళ్ళు జారుగా వండే అన్నం. వెరోనా వాళ్ళు వియలోనే నానో అనే పొట్టి బియ్యంతో చేస్తారు. వెన్నలో ఉల్లిపాయ మగ్గాక బియ్యం వేసి, గింజ వేడెక్కేదాకా వేయించండి. గ్లాసుడు అమరోనే పోయండి, అది ఇగిరిపోవాలి. ఆపైన కూరగాయలు ఉడికించి వడకట్టిన వేడివేడి నీళ్ళు గరిటెతో కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతుండండి. పదిహేను, పద్దెనిమిది నిమిషాలకు అన్నం జారుగా, గింజ నడుమ కాస్త పలుకుగా ఉంటుంది. పొయ్యి ఆపేసి వెన్న, తురిమిన చీజ్ కలిపి రెండు నిమిషాలు మూతపెట్టండి. శాకాహారులైతే చీజ్ కొనేముందు లేబుల్ చూసుకోండి, పార్మిజానోలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు.

మూత తీస్తే అన్నం వంగపండు రంగులో మెరుస్తుంది. దీనికోసం కొత్త సీసా తీయక్కర్లేదు. కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టిన మిగులు మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది, వంటకు అదే చాలు.