బ్రిటన్ హత్యకేసు తెలుగులో రాయాలంటే: ముందు నాలుగు గళ్ల పట్టిక

పాత బ్రిటిష్ హత్యకేసుల మీద తెలుగులో వచ్చే కథనాలు చాలావరకు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవే. ఒకరి తప్పు పదిమందికి పాకుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని కూడా అసలు విచారణ చదివి రాయొచ్చు. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు కేసులు 1674 నుంచి 1913 వరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉన్నాయి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత క్రైమ్ పుస్తకాలు కేసు ఎంచుకోవడానికి పనికొస్తాయి, సాక్ష్యానికి కాదు.

మొదటిసారి రాసేవాళ్లకు 1910 నాటి క్రిప్పెన్ కేసు మంచిది: భార్య కోరాను చంపాడని లండన్ కోర్టు అతన్ని దోషిగా తేల్చింది. మూసీ వరద వచ్చిన రెండేళ్లకు జరిగింది అంటే మనవాళ్లకు కాలం చప్పున తడుతుంది. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీయండి: తేదీ, గంట, ఏం జరిగింది, ఎవరు చెప్పారు. నాలుగో గడి ఖాళీగా ఉన్న సంగతి కథనంలోకి రాకూడదు.

జనవరి 19న క్రిప్పెన్ 5 గ్రెయిన్ల హయోసిన్ అనే విషమందు తీసుకుని విషాల రిజిస్టర్‌లో సంతకం పెట్టాడు. 31 రాత్రి ఇంట్లో విందు. అతిథులు బయల్దేరేసరికి ఒంటిగంటన్నర, అంటే ఫిబ్రవరి 1. భార్య కోరా చివరిసారి కనిపించిన తేదీ ఒక్కో చోట ఒక్కోలా ఉండటానికి ఈ గంటన్నరే కారణం. జులై 8న ఇన్‌స్పెక్టర్ వాల్టర్ డ్యూ ప్రశ్నించాడు, 9న పరారీ, 13న ఇటుకల కింద అవశేషాలు, 31న కెనడా దగ్గర మాంట్రోజ్ ఓడ మీద అరెస్టు. వరసగా పెడితే బిగువు దానంతటదే వస్తుంది: అతను పారిపోయిన రోజు పోలీసుల దగ్గర శవమే లేదు.

గ్రెయిన్‌ను గ్రాము చేయకండి. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు. 5 గ్రాములని రాస్తే విషం పదిహేను రెట్లు పెరిగిపోతుంది. అవశేషాలు దొరికిన చోటును ‘సెల్లార్’ అంటే ఇక్కడ అపార్ట్‌మెంట్ పార్కింగ్ కళ్లముందుకొస్తుంది, ‘బొగ్గుల గది’ అనండి. పేర్లు అక్షరాలను బట్టి కాదు, పలికే తీరును బట్టి రాయాలి: లెస్టర్, సదర్క్.

ఓల్డ్ బెయిలీ పాఠంలో ఒక చిక్కుంది. లాయర్ల ప్రశ్నలు చాలాచోట్ల తీసేసి, జవాబులన్నీ కలిపి సాక్షి ఏకధాటిగా మాట్లాడినట్టు అచ్చువేశారు. దాన్ని కొటేషన్లలో పెట్టి సంభాషణగా మార్చడం తప్పు. సారాంశంగానే చెప్పండి.

మన పాత ఐపీసీ అలవాటుతో ‘సెక్షన్ 302 కింద’ అని రాసేస్తుంటారు. ఇంగ్లండ్‌లో హత్యానేరం ఏ సెక్షన్‌లోనూ పుట్టలేదు, కామన్ లా నుంచి వచ్చింది. తీర్పు పన్నెండుమంది జ్యూరీది. క్రిప్పెన్ విషయంలో 27 నిమిషాల్లో తేల్చారు. 1898కి ముందు హత్యకేసు నిందితుడు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీల్లేదు, కాబట్టి అంతకు ముందరి కేసుల్లో అతన్ని బోను ఎక్కించి మాట్లాడించకండి. స్కాట్లండ్ చట్టం వేరు, అక్కడ జ్యూరీలో పదిహేనుమంది.

‘చంపాడు’ అనే ముందు ‘కోర్టు దోషిగా తేల్చింది’ సరిపోతుందేమో చూడండి. తిమోతీ ఎవాన్స్‌ను పసికూతుర్ని చంపాడని 1950లో ఉరితీశారు. అదే ఇంట్లో కింది వాటాలో ఉన్న క్రిస్టీ చేసిన హత్యలు 1953లో బయటపడ్డాయి. ఎవాన్స్‌కు క్షమాభిక్ష వచ్చేసరికి 1966.

రాయడం అయ్యాక కోరాకు ఎన్ని వాక్యాలు దక్కాయో లెక్కపెట్టండి. ఆమెను గయ్యాళిగా చూపించే కథనాలకు కొదవలేదు. ఆ ముక్క దగ్గర నాలుగో గడి చూడండి: కోర్టులో ఆమె కోపిష్ఠిదని చెప్పినవాడు క్రిప్పెనే. ఆమె మ్యూజిక్ హాల్ అనే వినోద ప్రదర్శనశాలల్లో బెల్ ఎల్మోర్ పేరుతో పాడే గాయని, ఆ కళాకారిణుల సంఘానికి కోశాధికారి. ఫిబ్రవరి 20న మ్యూజిక్ హాల్ కళాకారుల సహాయనిధి విందుకు క్రిప్పెన్ ప్రియురాలు ఎథెల్ లె నీవ్ కోరా బ్రోచ్ పెట్టుకుని వచ్చింది. స్నేహితురాళ్లు గుర్తుపట్టారు. జూన్ 30న స్కాట్లండ్ యార్డ్ మెట్లెక్కింది కోరా స్నేహితులే. కథనం ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే ఆ బ్రోచ్ దగ్గర మొదలుపెట్టండి.