కప్‌బోర్డు డిజైన్ టూల్: తెరమీద సరిపోయి చెక్కలో సరిపోనప్పుడు

చెక్కపని సరదా ఉండి, కాస్త కోడింగ్ కూడా వచ్చినవాళ్లకి ఏదో ఒక రోజు ఈ ఆలోచన తప్పదు: వెడల్పు, ఎత్తు, లోతు ఇస్తే ఏ ముక్క ఎంత కొలతకి కోయాలో చెప్పే చిన్న టూల్ మనమే రాసుకుంటే పోలా అని. రాయడం రెండు ఆదివారాల పని. అది చెప్పిన కొలతకి కోసిన ముక్కలు ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవడానికి మాత్రం చాలా రోజులు పడుతుంది. నాకు పట్టింది. ఆ దారిలో తగిలిన లోపాలను, ఏది కనిపిస్తే ఎక్కడ వెతకాలో తెలిసేలా కింద పెట్టాను.

ముందు ఒక మాట. 3డీ బొమ్మను సాక్ష్యంగా తీసుకోకండి. కోడ్ ఏ లెక్కను నమ్మిందో ఆ లెక్కతోనే బొమ్మనూ గీస్తుంది, అందుకని అక్కడ అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఈ టూల్ నుంచి చివరికి మన చేతికొచ్చేది కట్ లిస్ట్, అంటే ఏ ముక్క ఎంత కొలతకి కోయాలో చెప్పే జాబితా. తప్పు వెతకాలన్నా దాన్నే ప్రింట్ తీసి, కోసిన ముక్కమీద టేపు పెట్టి చూడాలి.

బాక్స్ మొత్తం కొలత రెండు మూడు మిల్లీమీటర్లు తేడా, గాడిలో పలక వదులు

మొదట మందాన్ని అనుమానించండి. 18 మి.మీ. అని కొన్న ప్లైవుడ్ కాలిపర్‌తో కొలిస్తే 17.4 ఉండొచ్చు, 18.3 కూడా ఉండొచ్చు. ముప్పావు అంగుళం అని అమ్మే షీటు చాలాసార్లు 23/32 అంగుళమే, అంటే 18.26 మి.మీ. రెండు వైపులా 1 మి.మీ. లామినేట్ (పైన అతికించే పలచని షీటు) అతికిస్తే 18 కాస్తా 20 అవుతుంది. ఒక్క పలకలో 0.6 తేడా కంటికి ఆనదు. కానీ పక్కవి రెండు, మధ్యలో నాలుగు, మొత్తం ఆరు నిలువు పలకలున్న అలమరాలో అదే 3.6 మి.మీ. అవుతుంది. గోడల మధ్య ఇరికించాల్సిన బాక్స్ అయితే ఆ తేడాతోనే పని ఆగిపోతుంది.

లోపం కోడ్‌లో ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. మందాన్ని 18 నుంచి ఏకంగా 40కి మార్చి కట్ లిస్ట్ చూడండి. మారాల్సిన ముక్క మారకపోతే, దాని ఫార్ములాలో ఎక్కడో 18 అని నేరుగా రాసేశారన్నమాట. 18 కోసమే కాదు, 36, 9 కోసం కూడా వెతకండి. రెండు మందాలు, సగం మందం అనే లెక్కలు ఆ అంకెల వెనకే దాక్కుంటాయి.

పరిష్కారం: చెక్క రకానికి విడిగా ఒక రికార్డు పెట్టండి. అందులో పేరు, అమ్మేవాళ్లు చెప్పే మందం, మనం కొలిచిన మందం, లామినేట్ మందం ఉండాలి. ఫార్ములాలన్నీ కొలిచిన మందాన్నే వాడాలి. షీటును నాలుగు చోట్ల కొలిచి సగటు వేస్తే చాలు. గాడి వెడల్పుకి మాత్రం సగటు పనికిరాదు, నాలుగింటిలో పెద్దది తీసుకోవాలి.

ఇందులోనే ఇంకో చిన్న పొరపాటు ఉంది. అడుగు పలక పొడవు = మొత్తం వెడల్పు − 2 × మందం అని రాస్తాం. ఎవరి మందం? పక్క పలకలది. చాలా కోడ్‌లలో అడుగు పలక సొంత మందం తీసేస్తుంటారు. అన్నీ ఒకే షీటు నుంచి కోసినంతకాలం ఈ తప్పు బయటపడదు. పక్కలకు 18, అడుగుకు 12 పెట్టిన రోజున 12 మి.మీ. తేడాతో బయటపడుతుంది.

ఒకేలాంటి ముక్కలు జాబితాలో రెండు వరుసలుగా వస్తున్నాయి

ఐదు అరలు ఒకే సైజు. జాబితాలో మాత్రం మూడు ఒక వరుసలో, రెండు ఇంకో వరుసలో కనిపిస్తున్నాయి. తెరమీద రెండింటికీ 564.3 అనే ఉంటుంది. ఇది దశాంశ సంఖ్యల గోల. కంప్యూటరు వాటిని బైనరీలో దాస్తుంది కాబట్టి 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఒకే కొలతకి రెండు దారుల్లో చేరితే చివరి అంకెలు కలవకపోవచ్చు. సమానమా అని అడిగితే కాదంటుంది.

కొలతలను పూర్ణ సంఖ్యలుగా దాచడం దీనికి మందు. మిల్లీమీటర్లే వాడేవాళ్లకి మిల్లీమీటరులో వందో వంతును ఒక యూనిట్‌గా పెట్టుకుంటే సరిపోతుంది. అంగుళాలు కూడా కావాలంటే కాస్త ఆలోచించాలి. అంగుళం అంటే కచ్చితంగా 25.4 మి.మీ., అందులో 64వ వంతు 0.396875 మి.మీ. దీన్ని మైక్రాన్లలోకి మార్చినా పూర్ణ సంఖ్య రాదు. నానోమీటర్లలో అయితే 3,96,875 అని శుభ్రంగా వస్తుంది. చెక్కపనికి నానోమీటరా అని నవ్వకండి, ఇది లెక్క కుదరడం కోసమే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: 32 బిట్ల పూర్ణ సంఖ్యలో పట్టే గరిష్ఠ విలువ 2,14,74,83,647. నానోమీటర్లలో అది 2147 మి.మీ. మాత్రమే. 2440 మి.మీ. షీటు పొడవు అందులో పట్టదు, మైనస్ కొలత చూపిస్తుంది. 64 బిట్లు వాడండి.

పూర్ణ సంఖ్యలతో ఒక కొత్త పని నెత్తిన పడుతుంది: భాగిస్తే శేషం మిగులుతుంది. 5650 యూనిట్లను మూడు సమాన ఖాళీలుగా చేస్తే ఒక్కోటి 1883, మిగిలింది 1. ఆ ఒకటిని చివరి ఖాళీకి ఇచ్చేయండి. అరలన్నీ ఒకే కొలతలో ఉండటం ముఖ్యం, ఖాళీలో వెంట్రుకవాసి తేడా ఎవరికీ కనబడదు.

కోత ప్లాన్ ప్రకారం నాలుగు ముక్కలు రావాలి, చివరిది పొట్టిగా వచ్చింది

బ్లేడు మందం మర్చిపోయారు. 2440 షీటులో 610 ముక్కలు సరిగ్గా నాలుగు పడతాయని కాగితం చెబుతుంది. 3.2 మి.మీ. బ్లేడుతో మూడు కోతలు కోస్తే 9.6 మి.మీ. పొట్టుగా పోతుంది. నాలుగో ముక్క 600.4 దగ్గర ఆగుతుంది.

కోడ్‌లో దీనికి చిన్న కిటుకు ఉంది. ప్రతి ముక్క పొడవు, వెడల్పులకి బ్లేడు మందం కలపండి. షీటు కొలతలకి కూడా ఒక్కసారి కలపండి. ఆ తర్వాత పేర్చే లెక్క మామూలుగానే నడుస్తుంది, చివరి ముక్క తర్వాత లేని కోతను లెక్కించే తప్పు కూడా పోతుంది. షీటు అంచులు దెబ్బతిని ఉంటాయి కాబట్టి, చుట్టూ ఎంత తీసేయాలో వాడేవాళ్లే చెప్పేలా ఒక గడి ఇవ్వండి. నేను 10 మి.మీ. పెట్టుకుంటాను.

ప్లాన్ బాగుంది, కానీ ఎక్కడ మొదలుపెట్టి కోయాలో అర్థం కావట్లేదు

ఇది నాకు బాగా కోపం తెప్పించిన లోపం. తప్పంతా నాదే కాబట్టి ఆ కోపం ఎవరిమీదా చూపించలేకపోయాను. దొరికిన ఒక లైబ్రరీ తెచ్చి ముక్కలు పేర్చేలా పెట్టాను. వృథా చాలా తక్కువ వచ్చింది, మురిసిపోయాను. తీరా రంపం ముందు నిలబడితే మొదటి కోత ఎక్కడ వేసినా ఏదో ఒక ముక్క తెగిపోతోంది. మధ్యలో ఒక ముక్క, దాని చుట్టూ నాలుగు ముక్కలు గాలిమర రెక్కల్లా ఉన్న అమరిక అది.

కారణం: ఆ లైబ్రరీ ఖాళీ ఎలా నింపాలో మాత్రమే చూస్తుంది. రూటర్ బిట్‌తో ఎటైనా తిరుగుతూ కోసే, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మెషీన్‌కి ఆ అమరిక పర్వాలేదు. టేబుల్ సా అయినా, గైడు పట్టాతో కోసే రంపమైనా ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తిన్నగానే కోస్తాయి. ఇలాంటి కోతను గిలటిన్ కోత అంటారు.

పరిష్కారం కష్టమేమీ కాదు. ఖాళీ దీర్ఘచతురస్రంలో ఒక మూల ముక్కను పెట్టండి. మిగిలిన ఎల్ ఆకారాన్ని ఒక నిండు కోతతో రెండు దీర్ఘచతురస్రాలుగా విడగొట్టండి. ఆ రెండింటిలో మళ్లీ ఇదే పని. ముక్కలను పెద్దవాటి నుంచి చిన్నవాటికి వరుస పెట్టుకోండి. ఆ వరుసను కొన్ని వందల రకాలుగా కలిపి నడిపించి, బాగా వచ్చినదాన్ని ఉంచుకోండి. అన్నిటికన్నా మేలైన అమరిక కోసం పట్టుబట్టకండి. ఈ లెక్క ముక్కలు పెరిగేకొద్దీ కంప్యూటర్లనే తిప్పలు పెట్టే రకం. పైగా కోసేవాడి కష్టం కూడా చూడాలి. ఒకే వెడల్పు ముక్కలన్నీ ఒక పట్టీలో వచ్చేలా పెడితే ఫెన్స్ (రంపం పక్కన చెక్కను ఆనించే పట్టీ) మాటిమాటికీ జరపక్కర్లేదు. రెండు శాతం చెక్క ఎక్కువ పోయినా నేను అలాంటి ప్లాన్‌నే ఎంచుకుంటాను.

సొరుగు ముఖాల మీద గ్రెయిన్ (చెక్క నారల గీతలు) అడ్డంగా వచ్చింది

ముక్కను తిప్పొచ్చా లేదా అనే గుర్తు పెట్టినా ఈ తప్పు వస్తోందంటే, పొడవు అనే మాటకి కోడ్ వేరే అర్థం చెప్పుకుంటోంది. రెండు కొలతల్లో పెద్దదే పొడవు అని చాలామంది రాసేస్తారు. చెక్కపనిలో పొడవు అంటే గ్రెయిన్ సాగే దిక్కు. 600 వెడల్పు, 200 ఎత్తు ఉన్న సొరుగు ముఖం మీద గ్రెయిన్ నిలువుగా కావాలంటే దాని పొడవు 200, వెడల్పు 600. పెద్దదాన్ని ముందుకు తెచ్చే ఆ ఒక్క లైను తీసేయండి.

ఎడ్జ్ బ్యాండ్ (కోసిన అంచును కప్పే సన్నని పట్టీ) అతికించాక తలుపులు రాసుకుంటున్నాయి

కట్ లిస్ట్‌లో ఉన్నది కోత కొలతా, పూర్తయ్యాక ఉండాల్సిన కొలతా? 2 మి.మీ. బ్యాండ్ నాలుగు అంచులకీ వేస్తే తలుపు ఇటు 4, అటు 4 పెరుగుతుంది. ప్రతి ముక్కకి రెండు కొలతలూ దాచి, జాబితాలో రెండూ చూపించండి. ఏ అంచుకి బ్యాండో అంచుల వారీగా గుర్తు ఉండాలి.

రెండు పక్క పలకలూ ఎడమవే వచ్చాయి

నేను చేసిన మొదటి బాక్స్‌కి ఇదే జరిగింది. అరల మేకుల కోసం 5 మి.మీ. రంధ్రాలు, ముందు అంచు నుంచి 37 మి.మీ. దూరంలో, 32 మి.మీ.కి ఒకటి చొప్పున అచ్చం టూల్ చెప్పినట్టే వేశాను. నిలబెట్టి చూస్తే రెండో పలక రంధ్రాలు బయటివైపు ఉన్నాయి.

కుడి పలక అంటే ఎడమ పలకను తిప్పినది కాదు, అద్దంలో చూసినది. ఎంత తిప్పినా ఎడమది కుడిది కాదు. కోడ్ మాత్రం ఒకే ముక్క, సంఖ్య 2 అని కలిపేసింది. ముక్కలను కలిపేటప్పుడు కొలతలతో పాటు రంధ్రాలు, గాడుల స్థానాలు కూడా పోల్చాలి. ప్రతి డ్రాయింగు మీదా "లోపలి ముఖం", "ముందు అంచు" అని ప్రింట్ అవ్వాలి. తెరమీద నిలువు అక్షం కిందికి పెరుగుతుంది, డీఎక్స్ఎఫ్ ఫైల్లో (డ్రాయింగును వేరే ప్రోగ్రాములకీ, మెషీన్లకీ పంపే ఫైలు) పైకి పెరుగుతుంది. ఆ మార్పు మర్చిపోయినా ఇదే జబ్బు. పరీక్షించడానికి ఒక మూల దగ్గర ఒకే ఒక్క రంధ్రం ఉన్న పలక చేయండి. రెండు వైపులా ఒకేలా ఉండే ముక్కతో పరీక్షిస్తే ఈ తప్పు జన్మలో దొరకదు.

ప్రింట్ లేదా ఎక్స్‌పోర్ట్ చేస్తే సైజు మారుతోంది

ఎన్ని రెట్లు మారిందో చూస్తే కారణం అదే తెలుస్తుంది. 25.4 రెట్లు అయితే అంగుళాలు, మిల్లీమీటర్లు తారుమారయ్యాయి. డీఎక్స్ఎఫ్ హెడర్‌లో యూనిట్ కోడ్ రాయలేదన్నమాట (అంగుళాలకి 1, మిల్లీమీటర్లకి 4). 0.75 లేదా 1.33 రెట్లు అయితే ఒక ప్రోగ్రామ్ అంగుళానికి 96 పిక్సెళ్లు అనుకుంటోంది, ఇంకోటి 72 అనుకుంటోంది. ఎస్వీజీ డ్రాయింగు ఫైల్లో వెడల్పు, ఎత్తులను మిల్లీమీటర్లలోనే రాయండి. కొద్ది శాతమే చిన్నదైతే మీ కోడ్ మంచిదే, ప్రింటర్ సెట్టింగులో పేజీకి సరిపెట్టే ఆప్షన్ పెట్టి ఉంది. ప్రతి టెంప్లేట్ మీదా 100 మి.మీ. గీత ఒకటి వచ్చేలా చేయండి, స్కేలు పెట్టి చూస్తే టెన్షన్ ఉండదు.

సొరుగు బిగుసుకుపోతోంది, బందు గుంట తలుపు అవతలికి వచ్చేసింది

రెండూ హార్డ్‌వేర్ లెక్కలే. సొరుగు జరగడానికి పక్కకి బిగించే మామూలు బాల్ బేరింగ్ ఛానెల్‌కి ఒక్కో వైపు 12.7 మి.మీ. కావాలి. రెండు వైపులా కలిపి 25.4. కోడ్‌లో 25 అని రాసుకుంటే ఇరుక్కుంటుంది. నేను 26 తీసేస్తాను. తలుపు మూస్తే బయటికి కనిపించని లోపలి బందుకి 35 మి.మీ. వ్యాసం ఉన్న గుంట కావాలి, లోతు సుమారు 11.5 నుంచి 13 మి.మీ. తలుపు మందం 12 అని ఇచ్చినా టూల్ నోరు మెదపకుండా బందు పెట్టేస్తే అది లోపమే. గుంట లోతు కన్నా కనీసం 2 మి.మీ. చెక్క మిగలకపోతే హెచ్చరిక చూపించండి. కింద బిగించే ఛానెళ్ల లెక్క వేరు కాబట్టి, ఈ అంకెలన్నీ ఫార్ములాలో కాకుండా హార్డ్‌వేర్ రికార్డులో ఉండాలి.

చిన్నాచితకా

3డీలో రెండు పలకలు కలిసేచోట మిణుకుమిణుకుమంటే రెండు ముఖాలు ఒకే తలం మీద పడ్డాయని అర్థం. కెమెరా దగ్గరి హద్దు మరీ చిన్నగా ఉన్నా ఇలాగే ఉంటుంది. వెడల్పు మార్చగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంటే తలుపు వెడల్పు బాక్స్‌ని, బాక్స్ వెడల్పు తలుపుని అడుగుతున్నాయేమో చూడండి. ఒకటి ఇచ్చేది, ఇంకోటి లెక్కించేది కావాలి. కట్ లిస్ట్ సీఎస్వీ ఫైలును స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే 3/4 కాస్తా తేదీగా మారిపోతే 0.75 అని రాయండి. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా వస్తే ఫైలును బామ్ (ఫైలు మొదట్లో ఉండే ఎన్‌కోడింగ్ గుర్తు) ఉన్న యూటీఎఫ్-8లో సేవ్ చేయండి.

నిన్న సరిగ్గా వచ్చింది, ఇవాళ రావట్లేదు

ఒకటి సరిచేయబోయి ఇంకోటి చెడగొట్టారు. నిజంగా తయారుచేసి, అన్నీ సరిపోయాయని చూసుకున్న ఒక బాక్స్ డిజైన్‌ను, దాని కట్ లిస్ట్‌తో సహా పక్కన ఉంచుకోండి. కోడ్ మార్చిన ప్రతిసారీ ఆ డిజైన్‌ను మళ్లీ నడిపి, కొత్త జాబితాను పాతదానితో వరుస వరుసకీ పోల్చి చూసే చిన్న స్క్రిప్ట్ రాయండి. నాది 23 ముక్కల వంటగది బాక్స్. అందులో గాడి, లామినేట్, రెండు మందాలు, ఒక సొరుగు, ఒక తలుపు ఉన్నాయి. ఒక్క అంకె మారినా ఆ స్క్రిప్ట్ ఎర్రగా చూపిస్తుంది. దాని సంగతి తేలేదాకా రంపం ఆన్ చేయను.