అప్పు ఎగ్గొట్టడానికి ఆస్తి రాసిచ్చేస్తే ఏం చేయాలి

దామలచెరువు మామిడి వ్యాపారి ఒకరికి ప్రోనోటు మీద 12 లక్షలు ఇచ్చారనుకోండి. ఇదిగో అదిగో అంటూ తిప్పి, చంద్రగిరి దగ్గరున్న రెండెకరాలు భార్య పేర దాన సెటిల్‌మెంటు రాసేశాడు. "రిజిస్టరైపోయింది, ఇంకేం చేస్తావు" అంటారు ఊళ్లో. చేయొచ్చు. అప్పులవాళ్లకు అందకుండా చేయాలనో, ఆలస్యం చేయాలనో స్థిరాస్తిని బదిలీ చేస్తే, నష్టపోయిన అప్పిచ్చినవాడు దాన్ని రద్దు చేయించుకోవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ చెప్పేది అదే.

ముందు సర్వే నంబరుతో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి, దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. మీ నోటీసు అందిన ఎన్నాళ్లకు రాశాడు, ప్రతిఫలం ఎంత చూపాడు, పుచ్చుకున్నది ఎవరు, ఇంకా వేరే ఆస్తి మిగిలిందా? మీ బాకీకి సరిపడా వేరే ఆస్తి ఉంటే కేసు పలచబడుతుంది. రాసిచ్చాక కూడా పొలం అతనే దున్నుతుంటే అడంగల్ (సాగు రికార్డు) నకలు, పక్క రైతుల సాక్ష్యం మీకు బలం. మోసపు ఉద్దేశం మొదట చూపించాల్సింది మీరే. అనుమానం ఒక్కటే చాలదు.

దావాలో చాలామంది తప్పేది ఒకచోట: తన ఒక్కడి కోసం వేస్తారు. అప్పిచ్చినవాళ్లందరి తరఫున, అందరి మేలు కోసం అని ప్లెయింటులో (దావా పత్రంలో) రాయాలి. రాసిచ్చినవాణ్ణీ పుచ్చుకున్నవాళ్లనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. గడువు, బదిలీ సంగతి తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లు. ప్రోనోటు గడువు వేరు, అది నోటు తేదీ నుంచి నడుస్తుంది. ఇది చూస్తూ అది పోగొట్టుకోవద్దు.

మంచి ధర ఇచ్చి, ఏమీ తెలియక కొన్నవాణ్ణి చట్టం కాపాడుతుంది. బావమరిదికి నిజంగా బాకీ ఉండి, సరైన ధరకు అతనికే అమ్మి తీర్చినా, ఒకరికి ముందు ఇచ్చాడన్నంత మాత్రాన మోసం కాదు.

ఇంకా చేతులు మారలేదా? డబ్బుల దావాతోపాటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డర్ 5వ రూలు కింద తీర్పుకు ముందే జప్తు అడగండి. ఆస్తి వివరం, అంచనా విలువ, అమ్మే ప్రయత్నానికి ఆధారం అఫిడవిట్‌లో ఉండాలి. "అమ్మేస్తాడని భయం" అని ఒక్క ముక్క రాస్తే కొట్టేస్తారు. జప్తయ్యాక అమ్మితే అదే కోడ్ 64వ సెక్షన్ ప్రకారం అది మీమీద చెల్లదు. కానీ జప్తుకు ముందే సేల్ డీడ్ రాసి, తర్వాత రిజిస్టరు చేయించినా కొన్నవాడిదే పైచేయి అని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. కాబట్టి ఈసీలో కనపడలేదని నిశ్చింతగా ఉండకండి.

డిక్రీ (బాకీ కట్టమన్న కోర్టు తీర్పు) ఉంటే ఈపీలో, అంటే దాన్ని అమలు చేయమనే పిటిషన్‌లో, జప్తు చేయించండి. పుచ్చుకున్నవాళ్లు అదే కోడ్ 21వ ఆర్డర్ 58వ రూలు కింద ఆస్తి మాదేనని క్లెయిం వేస్తారు. జవాబులో 53వ సెక్షన్ ఎత్తవచ్చు. ఆంధ్ర నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1962లో ఒప్పుకున్న దారి ఇది.

అతను ఐపీ (దివాలా పిటిషన్) పెడతాడేమో అని ఎదురుచూడనక్కర్లేదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ (దివాలా) చట్టం ప్రకారం ఇలా రాసివ్వడమే దివాలా చర్య, మీరే పిటిషన్ వేయొచ్చు. కాకపోతే ఆ చర్య జరిగిన 3 నెలల్లోపు వేయాలి.