ఫర్నేస్ మొరాయిస్తే: టెక్నీషియన్‌ను పిలిచే ముందు చూడాల్సినవి

అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లకు జనవరిలో ఒక తెల్లవారుజామున ఇది తప్పకుండా ఎదురవుతుంది. థర్మోస్టాట్‌లో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ పెట్టి ఉంటుంది, ఇంట్లో మాత్రం 61. ఫోన్ తీసే ముందు బేస్‌మెంట్‌లోకి దిగి, ఇంటిని వేడి చేసే ఫర్నేస్ పక్కన రెండు నిమిషాలు నిలబడి వినండి. గ్యాస్ ఫర్నేస్ ఒక వరుసలో నడుస్తుంది. ముందు పొగను బయటికి తోసే చిన్న ఫ్యాన్, అంటే ఇండ్యూసర్, తిరుగుతుంది. తర్వాత మంట అంటించే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది. గ్యాస్ వచ్చి మంట అంటుకుంటుంది. అర నిమిషానికో నిమిషానికో వేడి గాలిని ఇల్లంతా పంపే పెద్ద ఫ్యాన్, అంటే బ్లోయర్, మొదలవుతుంది. ఈ వరుస ఎక్కడ తెగిందో పట్టుకుంటే సగం పని అయినట్టే. ఫర్నేస్ తలుపు మీద చిన్న అద్దంలోంచి మిణుకుమనే లైటు కనిపిస్తుంది. ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ లోపమో చెప్పే పట్టిక సాధారణంగా తలుపు లోపలి వైపు అంటించి ఉంటుంది.

అసలు చప్పుడే లేదు

థర్మోస్టాట్ బ్యాటరీలు మార్చి చూడండి. ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్‌లా ఒకటి ఉంటుంది, సామాన్లు సర్దేటప్పుడు ఎవరో లైటనుకుని ఆపేసి ఉండొచ్చు. బ్రేకర్ చూడండి. ఫిల్టర్ మార్చాక తలుపు సరిగ్గా కూర్చోకపోయినా లోపలి సేఫ్టీ స్విచ్ నొక్కుకోక ఫర్నేస్ కదలదు.

మంట అంటుకుని కొన్ని క్షణాల్లోనే ఆరిపోతోంది

చాలాసార్లు దీనికి కారణం ఫ్లేమ్ సెన్సర్ మీద పట్టిన పొర. మంటలో ఉండే ఈ సన్నటి కడ్డీ గుండా మైక్రోఆంప్‌లలో కొలిచేంత చిన్న కరెంటు ప్రవహిస్తేనే, మంట ఉందని ఫర్నేస్‌ను నడిపే సర్క్యూట్ బోర్డు నమ్ముతుంది. పొర పేరుకుంటే నమ్మదు, వెంటనే గ్యాస్ ఆపేస్తుంది. కొన్నిసార్లు ప్రయత్నించి చివరికి లాకయిపోతుంది.

ముందు కరెంటు స్విచ్, గ్యాస్ వాల్వ్ రెండూ ఆపండి. సెన్సర్‌కు సాధారణంగా ఒకే స్క్రూ ఉంటుంది. వైరు తీసి, కడ్డీని బయటికి లాగి, సన్నటి స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి. గరుకు ఇసుక కాగితం వాడితే గీతలు పడతాయి. పొడి గుడ్డతో తుడిచి యథాస్థానంలో బిగించండి. పక్కనే ఉన్న ఇగ్నైటర్‌ను మాత్రం తాకొద్దు. అది చాలా పెళుసు, చేయి తగిలినా విరగొచ్చు. రుద్దినా మంట నిలబడకపోతే అప్పుడు టెక్నీషియన్ పని.

కాసేపు వేడి, కాసేపు చల్లగాలి

థర్మోస్టాట్‌లో ఫ్యాన్ 'ఆన్'లో ఉంటే మంట లేనప్పుడు కూడా గాలి వీస్తుంది. 'ఆటో'లో పెట్టండి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు "చలిగాలి కొడుతోందిరా" అంటే మొదట చూడాల్సింది ఇదే.

అది కాకపోతే ఫిల్టర్. గాలి ఆడకపోతే ఫర్నేస్ లోపల వేడెక్కిపోతుంది, లిమిట్ స్విచ్ మంటను ఆర్పేస్తుంది, బ్లోయర్ తిరుగుతూనే ఉంటుంది. ఒక అంగుళం మందం ఫిల్టర్‌ను ఒకటి నుంచి మూడు నెలల్లోపు మార్చాలి. రోజూ పోపు వేసి, పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటికి పంపకుండా వంటింట్లోకే వదిలే ఇళ్లలో, పూజకు అగరొత్తులు వెలిగించే ఇళ్లలో మూడు నెలలు ఆగకుండా నెలనెలా తీసి చూడమని నా సలహా. ఫిల్టర్ మీది బాణం గుర్తు ఫర్నేస్ వైపు ఉండాలి. మంచిదని మరీ సన్నటి దుమ్మునూ పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ కొని పెడితే, పాత ఫర్నేస్‌లకు గాలి చాలకపోవచ్చు. సోఫా కింద మూసుకుపోయిన వెంట్లనూ తెరవండి.

ఇండ్యూసర్ తిరుగుతోంది, ఇగ్నైటర్ వెలగట్లేదు

తెల్లటి పీవీసీ గొట్టాలున్న ఫర్నేస్ అయితే బయటికి వెళ్లి గొట్టాల మూతుల దగ్గర మంచు పేరుకుందేమో చూసి తొలగించండి. లోపల నీరు వెళ్లే సన్న గొట్టం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, నేల మీద నీళ్లు నిలిస్తే అదే గుర్తు.

మీరు ముట్టుకోకూడనివి

మంట నీలంగా కాక పసుపుగా ఊగుతుంటే ఫర్నేస్ ఆపేసి టెక్నీషియన్‌ను పిలవండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం మోగినా, ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చినా బయటికి నడిచి 911కు చేయండి. ఆ అలారంకూ కాలపరిమితి ఉంటుంది. వెనక ముద్రించిన తేదీని ఈ రోజే చూడండి.