కొత్త భవనం చుట్టూ పచ్చటి తెర ఎలా పెంచాలి?

తిరుపతిలో కరకంబాడి రోడ్డు, తిరుచానూరు, రేణిగుంట దారి... ఎటు వెళ్లినా కొత్త అపార్టుమెంట్లు లేస్తున్నాయి. చాలావాటిలో గేటు దాటగానే కనిపించేవి జనరేటరు, చెత్త డబ్బాలు, ఎండకు కాగే టైల్సు. గృహప్రవేశానికి ముందురోజు తెచ్చి పెట్టే నాలుగు కుండీలతో ఆ లోటు తీరదు. చెట్టుకు నేల కావాలి. ఆ నేలను పునాదులకు ముగ్గు పోయకముందే, ప్లాను కాగితం మీదే వదిలిపెట్టాలి.

ముందు స్థలంలో నిలబడి చూడండి

ఉదయం ఒకసారి, సాయంత్రం నాలుగు గంటలకు ఇంకోసారి వెళ్లండి. ఏది కనబడకూడదో, ఏది కనబడాలో రెండూ రాసుకోండి. మొదటి జాబితా అందరూ రాస్తారు: ట్రాన్స్‌ఫార్మర్, మురుగునీటి శుద్ధి గది, పార్కింగు, పక్కింటి కిటికీలు. రెండోదాన్ని మాత్రం మరచిపోతారు. తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి. బాల్కనీలోకి రాగానే కొండ కనిపించాలన్న కోరికతో ఇల్లు కొనుక్కునేవాళ్లు ఇక్కడ ఎందరో. అందుకని ఉత్తరం వైపు ఎత్తయిన చెట్లను వరుసగా నాటవద్దు, నడుము ఎత్తు పొదలు చాలు. చిక్కటి చెట్ల వరుస పడమర, నైరుతి వైపు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక గోడలను కాల్చే ఎండ పడమర నుంచే వస్తుంది. వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు కూడా నైరుతిలో బరువు, ఈశాన్యంలో ఖాళీ కోరుకుంటారు కాబట్టి ఈ విషయంలో వాళ్లతో పేచీ రాదు.

ప్లానులో గీత గీయించండి

2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు స్థలం విస్తీర్ణాన్ని బట్టి ప్రహరీ వెంట పచ్చదనానికి పట్టీ వదలమంటాయి. 300 చదరపు మీటర్లు దాటిన స్థలాల్లో అది కనీసం మీటరు వెడల్పు ఉండాలి. మన తిరుపతి లెక్కలో 36 చదరపు అడుగుల అంకణాలు దాదాపు 90 అన్నమాట. పెద్ద స్థలాలకు ఇంకా ఎక్కువ అడుగుతారు. నిబంధనలు మధ్యమధ్యలో సవరిస్తుంటారు కాబట్టి, మీ స్థలానికి ఈ రోజు వర్తించేది ఏమిటో నగరపాలక సంస్థలోనో తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ)లోనో టౌన్ ప్లానింగ్ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. స్థలంలో ఇప్పటికే చెట్లుంటే అనుమతి లేకుండా కొట్టకండి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అంటే వాల్టా, వాటికీ వర్తిస్తుంది. పాతికేళ్ల వేపచెట్టు ఉన్న చోట పార్కింగును రెండు గజాలు జరిపించడం మంచిది. అంత నీడ మళ్లీ రావాలంటే ఒక తరం పడుతుంది.

నా మాటగా చెప్పాలంటే, నిబంధన అడిగిన మీటరుతో సరిపెట్టుకోకండి. రోడ్డు వైపు, పడమర వైపు రెండు మీటర్లు దొరికితే రెండు వరుసలు పడతాయి, అప్పుడే తెర అన్న పేరు నిలుస్తుంది. ఆ పట్టీ పక్కనున్న బండల కంటే మూడు, నాలుగు అంగుళాలు పల్లంగా ఉండేలా మేస్త్రీకి ముందే చెప్పండి. వాననీరు దానంతట అదే మొక్కల్లోకి పారుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారడం చూసినవాళ్లకు, నీరు ఇంకే జానెడు నేల ఎంత విలువైనదో చెప్పనక్కర్లేదు.

అగ్నిమాపక వాహనం తిరిగే దారిలో ఒక్క మొక్క కూడా ఉండకూడదు. గేటుకు రెండు పక్కలా మోకాలి ఎత్తు దాటనివ్వకండి, బయటికి వచ్చే బండికి రోడ్డు మీది పిల్లలు కనబడాలి. ట్రాన్స్‌ఫార్మర్‌ను మూడు వైపులా కొంత దూరం వదిలి మరుగుపరచవచ్చు, తలుపున్న వైపు మాత్రం విద్యుత్ సిబ్బందికి తెరిచి ఉంచాలి. తీగల కింద ఎత్తు పెరిగే చెట్టు నాటితే ఏటా దాని తల నరకడమే మిగులుతుంది. ఇంకో మాట: ఆకులు దుమ్మును పడతాయి, చూపును ఆపుతాయి. జనరేటరు మోతను ఆపేది మాత్రం గోడే. అక్కడ ముందు గోడ కట్టి, దాని ముందు మొక్కలు వేయండి.

గుంత తవ్వాక ఏం చూడాలి?

కొండ కింది స్థలాల్లో పైన అడుగు ఎర్రమట్టి, ఆ కింద గులకరాళ్లు కలిసిన గట్టి గరప. గడ్డపార దిగడమే కష్టం. కూలీలు అక్కడే ఆపేస్తారు, మొక్క కూడా అక్కడే ఆగిపోతుంది. చెట్లకు మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు తప్పదు. పొదలకు అడుగున్నర, రెండడుగులు చాలు. తవ్విన గుంతను నిండా నీళ్లతో నింపి మర్నాడు పొద్దున చూడండి. నీళ్లు అలాగే నిలిచి ఉంటే అడుగున ఇంకా పొడవాలి. ఇంకా ముఖ్యమైనది, పని జరిగినన్నాళ్లూ ప్రహరీ వెంట పోసిన సిమెంటు గడ్డలు, సున్నపు పెళ్లలు. పైన మట్టి కప్పేస్తే అవి కనబడవు కానీ, ఏడాది తిరిగేసరికి ఆకులు పసుపు పచ్చబడతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. వాటిని ఏరి బయటికి పంపాకే ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి నింపాలి.

ఏ మొక్కలు?

వెనక వరుసకు పొగడ, కానుగ, వేప. ఏడాది పొడవునా దాదాపు పచ్చగా ఉంటాయి, ఇక్కడి ఎండను తట్టుకుంటాయి. పది, పన్నెండు అడుగులకొకటి నాటండి. చోటు ఇరుకైతే సన్నగా పైకెదిగే నరమామిడి. ముందు వరుసలో నందివర్ధనం, గోరింట, మందారం, అడ్డసరం వంటివాటిని రెండడుగుల ఎడంలో, ఒకదాని సందులో ఒకటి వచ్చేలా అటూ ఇటూ జరిపి నాటితే త్వరగా కమ్ముకుంటాయి. గన్నేరు బాగా పెరుగుతుంది కానీ విషపు మొక్క, పిల్లలు ఆడుకునే వైపు వద్దు. రావి, మర్రి గోడల దగ్గరా, సంపు దగ్గరా వద్దే వద్దు.

త్వరగా తెర వస్తుందని నర్సరీవాళ్లు కోనోకార్పస్ అనే చెట్టును అంటగట్టాలని చూస్తారు. ఒప్పుకోకండి. దాని వేళ్లు పైపుల్లోకి చొరబడతాయని, పుప్పొడి ఇబ్బంది పెడుతుందని ఫిర్యాదులు వచ్చి గుజరాత్ 2023లో, తమిళనాడు 2025లో దాన్ని నాటడాన్ని నిషేధించాయి.

కడియం నర్సరీల నుంచి తెప్పించిన మొక్కలను లారీ దిగగానే నాటవద్దు. గోదావరి గాలికి అలవాటుపడ్డ మొక్కలు అవి, రెండు వారాలు నీడవల కింద ఉంచి నాటండి. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటితే ఈశాన్య రుతుపవనాల నాటికి వేరు పట్టుకుంటుంది.

ఆ తర్వాత

మొదటి రెండు వేసవులు గట్టెక్కితే చాలు. బిందు సేద్యం పైపులు వేసి, పాదుల మీద రెండు మూడు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరచండి. చిత్తూరు వైపు అది దొరకనిది కాదు, తేమను బాగా పట్టి ఉంచుతుంది. శుద్ధి చేసిన మురుగునీరు ఉంటే మొక్కలకు అదే వాడండి, ట్యాంకరు నీళ్ల ఖర్చు తప్పుతుంది. నీళ్లు ఎవరు పెట్టాలి, చచ్చిన మొక్క స్థానంలో కొత్తది ఎవరు నాటాలి అన్నది నివాసుల సంఘం ఒప్పందంలోనే రాయించండి. కొమ్మలు కత్తిరించే పని ఏటా సెప్టెంబరులో పెట్టుకోండి, తుపాను గాలులు మొదలయ్యేసరికి చెట్ల తలలు కొంత పలచబడి ఉండాలి.