ఎండలు ముదిరేలోపే పూల్ నీళ్ల విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

కొత్తగా పూల్ చేతికొచ్చిన ఇంట్లో మొదటి ఎండాకాలం దాదాపు ఒకే తీరుగా నడుస్తుంది. నీళ్లు అద్దంలా ఉన్నన్నాళ్లూ ఎవరూ టెస్ట్ కిట్ బయటికి తీయరు. ఒకరోజు పొద్దున గోడ మీద చెయ్యి వేస్తే జారుతుంది. సాయంత్రానికి నీళ్లలో పచ్చ ఛాయ. కంగారుగా క్లోరిన్ గుమ్మరిస్తారు, మూడు రోజులు తేరుకుంటుంది, మళ్లీ పచ్చబడుతుంది. చాలాసార్లు అక్కడ తక్కువైంది క్లోరిన్ కాదు; వేసిన క్లోరిన్‌ని పని చేయనిచ్చే నీళ్లు లేవు. అది తేల్చేవి రెండు అంకెలు: పీహెచ్ (నీళ్లలో ఆమ్ల, క్షార గుణం ఎంతో చెప్పే అంకె), స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా కాపాడే మందు). ఎండలు ముదరకముందు ఆ రెండూ దారికి తెచ్చుకుంటే, తర్వాత రోజుకు పది నిమిషాల పని మిగులుతుంది.

ముందు లీటర్ల లెక్క

పూల్‌లో ఎన్ని లీటర్లు పడతాయో తెలియకుండా మందు వేయడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే. పొడవు, వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలిచి మూడూ గుణించి, వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు వస్తాయి. పూల్ 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, లోతు ఒక చివర 1 మీటరు, రెండో చివర 1.5 మీటర్లు అనుకుందాం. సగటు లోతు 1.25 మీటర్లు, మొత్తం 40,000 లీటర్లు. గుండ్రటి పూల్ అయితే వ్యాసార్ధాన్ని దానితోనే గుణించి, 3.14తోనూ సగటు లోతుతోనూ, చివర 1000తోనూ గుణించాలి.

ఇక పీపీఎం అంటే 1000 లీటర్ల నీటికి ఒక గ్రాము, అంతే. 40,000 లీటర్లలో క్లోరిన్ 1 పీపీఎం పెంచాలంటే 40 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే సుమారు 62 గ్రాములు, 10 శాతం ద్రవ క్లోరిన్ అయితే 400 మిల్లీలీటర్లు. ఇక్కడి నుంచి చెప్పే కొలతలన్నీ ఈ 40,000 లీటర్ల పూల్‌కే. మీది 20,000 అయితే సగం చేసుకోండి. డబ్బా మీద శాతం వేరుగా ఉంటే దాని ప్రకారమే లెక్క వేయండి.

కొలిచేటప్పుడు జరిగే పొరపాట్లు

నీళ్లు పైపై నుంచి పట్టకూడదు. మోచేతి లోతు దాకా సీసా ముంచి, నీళ్లు తిరిగొచ్చే గొట్టాలకు దూరంగా పట్టాలి. స్ట్రిప్‌లు రోజువారీ చూపుకి పనికొస్తాయి గానీ మందు మోతాదు నిర్ణయించడానికి చుక్కల కిట్టే మేలు. ఎండలో, వేడి పంపు గదిలో పెట్టిన కిట్ మందులు చెడిపోతాయి. వాటిని ఇంట్లో నీడన ఉంచి, గడువు దాటితే మార్చేయాలి.

ఇంకో మాయ ఉంది. క్లోరిన్ మరీ ఎక్కువగా ఉంటే, గులాబీ రంగుతో క్లోరిన్ కొలిచే డీపీడీ పరీక్షలో ఆ రంగు ఒక్క క్షణం మెరిసి తెల్లబోతుంది. చూసినవాళ్లు క్లోరిన్ సున్నా అనుకుని ఇంకా వేస్తారు. అనుమానం వస్తే పూల్ నీళ్లకు అంతే కొలత క్లోరిన్ లేని నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి. క్లోరిన్ అంత ఎక్కువగా ఉన్నప్పుడు పీహెచ్ రంగు కూడా ఊదాలోకి తిరిగి తప్పుడు అంకె చూపిస్తుంది. అది నమ్మి యాసిడ్ పోయకండి.

ఏ వరసలో సరిచేయాలి

మొదట ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షార నిల్వ. ఇది పీహెచ్‌ని పట్టి ఉంచే లంగరు లాంటిది. 80–120 పీపీఎం మధ్య ఉండాలి. తక్కువైతే పీహెచ్ పూటకో తీరుగా ఊగుతుంది. 10 పీపీఎం పెంచడానికి వంట సోడా సుమారు 670 గ్రాములు పడుతుంది. ఒక్కసారే ఐదారు కిలోలు కుమ్మరించకుండా రెండు కిలోల చొప్పున, పంపు నడుస్తుండగా, లోతు ఉన్న వైపు చల్లాలి. ఆరు గంటలు ఆగి మళ్లీ కొలవాలి. చాకలి సోడా పీహెచ్‌ని బాగా ఎక్కించేస్తుంది, ఆల్కలినిటీ పెంచడానికి అది వాడొద్దు.

తర్వాత పీహెచ్. 7.2–7.8 హద్దు, 7.4–7.6 హాయి. స్టెబిలైజర్ లేని నీళ్లలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం సూక్ష్మజీవుల్ని చంపే రూపంలో ఉంటుంది; 8 దాటితే పావు వంతు కూడా ఉండదు. డబ్బు పోసి కొన్న మందు నీళ్లలో ఊరికే తేలుతూ ఉంటుందన్నమాట. పీహెచ్ దించడానికి 30 శాతం పైచిలుకు మ్యూరియాటిక్ (హైడ్రోక్లోరిక్) యాసిడ్ 250 మిల్లీలీటర్లతో మొదలుపెట్టండి. నాలుగు గంటల తర్వాత కొలిచి, అవసరమైతే మళ్లీ అంతే. యాసిడ్ ఆల్కలినిటీని కూడా తింటుంది: 800 మిల్లీలీటర్లు పోస్తే దాదాపు 10 పీపీఎం తగ్గుతుంది. ఆల్కలినిటీ ఎక్కువగా ఉన్న బోరు నీళ్లకు ఈ గుణం పనికొస్తుంది. యాసిడ్‌తో పీహెచ్‌ని 7.2కి దించి, నీళ్లు తిరిగొచ్చే గొట్టాల మూతి పైకి తిప్పి నీటి పైపొరను బాగా కదిలిస్తే, ఆల్కలినిటీ పెరగకుండానే పీహెచ్ మెల్లగా మళ్లీ లేస్తుంది. కావాల్సిన అంకె వచ్చేదాకా ఇదే మళ్లీ మళ్లీ చేయాలి. ఓపిక పట్టే పనే.

కాల్షియం గురించి క్లుప్తంగా. సిమెంట్ ప్లాస్టర్, టైల్స్ ఉన్న పూల్‌లో 200–400 పీపీఎం ఉండాలి. తక్కువైతే నీళ్లు ప్లాస్టర్‌లోంచి, టైల్స్ మధ్య పూతలోంచి కాల్షియం లాక్కుంటాయి. ఎక్కువైతే నీటి అంచున తెల్ల చారలు, హీటర్‌లో పొలుసు. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే, కాల్షియం అక్కడే ఉండిపోతుంది. అందుకే బోరు నీళ్లతో నింపుతూ పోయే పూల్‌లో ఇది నెలనెలా పెరుగుతుంది.

బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఇంకో జాగ్రత్త. నింపిన వెంటనే గట్టిగా క్లోరిన్ వేస్తే నీళ్లు గంటల్లో టీ రంగుకి తిరుగుతాయి, గోడలకు మరకలు పట్టుకుంటాయి. ముందు ఒక బకెట్ నీళ్లలో కాస్త క్లోరిన్ కలిపి రాత్రంతా ఉంచి చూడండి. రంగు మారితే, లోహాలను పట్టి ఉంచే మందు పూల్‌లో వేశాకే క్లోరిన్ మొదలుపెట్టాలి.

స్టెబిలైజర్: తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే

స్టెబిలైజర్ అంటే సయన్యూరిక్ యాసిడ్. ఇది లేకపోతే నడినెత్తిన ఎండలో రెండు మూడు గంటల్లోనే క్లోరిన్ చాలా భాగం మాయమవుతుంది. ఆరుబయట పూల్‌కి 30–50 పీపీఎం చాలు. 30 కావాలంటే 1.2 కిలోలు. సులువుగా కరగదు కాబట్టి పాత సాక్స్‌లో కట్టి నీళ్లు తిరిగొచ్చే గొట్టం ముందు వేలాడదీస్తారు. అంకె పూర్తిగా తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండో రోజే కొలిచి చాల్లేదని ఇంకా వేయకండి.

అసలు చిక్కు ఎక్కువైనప్పుడే. ట్రైక్లోర్ బిళ్లల్లో క్లోరిన్‌తో పాటు స్టెబిలైజర్ కూడా ఉంటుంది: ప్రతి 10 పీపీఎం క్లోరిన్ వెంట సుమారు 6 పీపీఎం వస్తుంది. 200 గ్రాముల బిళ్ల ఒకటి మన పూల్‌లో దాదాపు 2.7 పీపీఎం స్టెబిలైజర్ పెంచుతుంది. వారానికి మూడు బిళ్లలు వేస్తే మూడు నెలల్లో 95 దాటుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం కూర్చుంటుంది. కనీస ఫ్రీ క్లోరిన్ (మలినాలతో కలిసిపోకుండా ఇంకా పనికి మిగిలి ఉన్న క్లోరిన్) స్టెబిలైజర్‌లో 7.5 శాతం ఉండాలన్నది పనికొచ్చే లెక్క. స్టెబిలైజర్ 40 ఉంటే క్లోరిన్ 3 సరిపోతుంది. 100 ఉంటే 7.5 ఉంచాలి. కిట్‌లో 3 చూపిస్తోంది, అయినా నాచు పడుతోంది అంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

నమ్మకంగా దించే మార్గం నీళ్లు మార్చడమే. 90 ఉంటే మూడో వంతు నీళ్లు తీసి కొత్తవి నింపితే 60కి వస్తుంది. పూల్ మొత్తం ఒకేసారి ఖాళీ చేయకండి, అందులోనూ వానలు పడి భూగర్భ జలాలు పైకొచ్చిన రోజుల్లో అసలే వద్దు. కింద నుంచి నీళ్లు తోస్తే ఖాళీ తొట్టి పైకి లేస్తుంది, పగుళ్లిస్తుంది.

ఘాటు వాసన వస్తే

"క్లోరిన్ ఎక్కువైంది, కళ్లు మండుతున్నాయి" అని అందరూ అనే మాట చాలాసార్లు తలకిందులే. చెమట, మూత్రంతో కలిసిపోయిన క్లోరిన్ వాసన అది. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే మిగిలేది ఈ కలిసిన క్లోరిన్. ఇది 0.5 పీపీఎం దాటితే దానికి పది రెట్లు క్లోరిన్ ఒకే దెబ్బకి వేయాలి. 0.8 ఉందనుకోండి, 8 పీపీఎం కావాలి, అంటే 65 శాతం పొడి అర కిలో. సగంలో ఆపితే వాసన ఇంకా పెరుగుతుంది. పొద్దు గూకాక వేయండి, లేకపోతే ఎండ తినేస్తుంది. వినైల్, ఫైబర్ పూల్ అయితే పొడిని నేరుగా చల్లితే పడిన చోటల్లా తెల్లమచ్చ పడుతుంది, ముందు బకెట్ నీళ్లలో కలిపి పోయాలి. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో సున్నం ఎక్కువ, నీళ్లు తెల్లగా మసకబారుతాయి. క్లోరిన్ మళ్లీ 4 లోపుకి దిగేదాకా ఎవరూ దిగకూడదు. అడుగున డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించనంతసేపూ అసలే దిగకూడదు. మునిగిన మనిషి కూడా అలాగే కనిపించడు.

నాచు పట్టిన పూల్‌లో మందుకన్నా ముందు బ్రష్. జిగురు పొర చీలకపోతే క్లోరిన్ లోపలికి చేరదు. తర్వాత రోజంతా పంపు ఆపకుండా నడిపి, ఫిల్టర్ ఒత్తిడి శుభ్రంగా ఉన్నప్పటి కన్నా 0.5–0.7 బార్ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగాలి.

మందుల గది

ఇక్కడ తప్పు చేస్తే నీళ్లు చెడటం కాదు, ప్రాణాల మీదికి వస్తుంది.

- యాసిడ్, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండూ ఒకే అరలో, ఒకదాని మీద ఒకటి పెట్టకండి.
- ట్రైక్లోర్ బిళ్లలు, కాల్షియం హైపోక్లోరైట్ రెండూ క్లోరినే కదా అని ఒకే ఫీడర్‌లో (మందును మెల్లగా నీళ్లలోకి వదిలే డబ్బాలో) వేస్తారు. నిప్పంటుకోవచ్చు, పేలవచ్చు. స్కూప్ కూడా దేనికది వేరుగా, పొడిగా ఉండాలి.
- కలిపేటప్పుడు బకెట్‌లో ముందు నీళ్లు, తర్వాత మందు. యాసిడ్‌కీ అంతే, పొడికీ అంతే. తిరగేస్తే మొహం మీదికి చిమ్ముతుంది.
- యాసిడ్ ఆవిరి ఇనుమును తినేస్తుంది. పంపు మోటారు, కరెంటు బోర్డు ఉన్న గదిలో ఉంచకండి.
- ద్రవ క్లోరిన్ వేడికి బలం కోల్పోతుంది. కొద్ది రోజులకు సరిపడా మాత్రమే కొనండి.
- డబ్బా మూత మొహానికి దూరంగా, ఆరుబయట తీయండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే రుద్దకుండా పారే నీళ్లతో 15–20 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఎండాకాలం నడుస్తుండగా

ఫ్రీ క్లోరిన్, పీహెచ్ రోజూ, ఆల్కలినిటీ వారానికోసారి, స్టెబిలైజర్, కాల్షియం నెలకోసారి చూస్తే చాలు. పెద్ద వాన పడినా, పది మంది పిల్లలు దిగి వెళ్లినా ఆ సాయంత్రమే కొలవండి. ఇల్లు తాళం వేసి వారం రోజులు వెళ్లేటప్పుడు పీహెచ్ 7.4కి దించి, క్లోరిన్ మామూలు కన్నా కాస్త పైన ఉంచి, నీటి మీద తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట ఖాళీ చేసి, పంపుకి టైమర్ పెట్టి వెళ్లండి. తిరిగొచ్చిన రోజు పిల్లలు ఎంత మారాం చేసినా కిట్‌తో కొలిచాకే గేటు తెరవాలి.