రోళ్లు పగిలే ఎండలకు ముందు: చిన్న టర్బో పెట్రోల్ కారుకు జాగ్రత్తలు

వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్, మాగ్నైట్, నెక్సాన్, టైగన్, కుషాక్. ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్‌తో ఇలాంటి కార్లు విజయవాడ, గుంటూరు రోడ్ల మీద ఇప్పుడు చాలానే తిరుగుతున్నాయి. ఎండాకాలంలో ఇవి మామూలు పెట్రోల్ ఇంజిన్ కంటే ఎక్కువ నలుగుతాయి. ఎగ్జాస్ట్ పొగ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బో సాయంతో, మూడు సిలిండర్లతోనే 1.6 లీటర్ల ఇంజిన్ చేసే పని చేయిస్తున్నాం. ఆ వేడిని మోయాల్సింది మాత్రం నాలుగు లీటర్లకు అటూఇటూగా ఉండే ఆయిల్, దానికి తోడు ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్. అందుకే మార్చి నెలాఖరుకే ఈ రెండింటి సంగతి తేల్చుకోవాలి. రోహిణి కార్తెలో పరుగెత్తితే అప్పటికే ఆటోనగర్‌లో ఏసీ పనుల క్యూ ఉంటుంది.

ముందు ఆయిల్. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతుంది, అదీ సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ. దాని పక్కనే ఎగ్జాస్ట్ వైపు వేడి 900 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇంజిన్ ఆపగానే ఆయిల్ పంపు ఆగిపోతుంది, బేరింగ్‌లో మిగిలిన ఆయిల్ ఆ వేడికి మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి ఇలా పేరుకుంటే సన్నటి ఆయిల్ పైపు పూడుకుపోతుంది, షాఫ్ట్ వదులై ఊగుతుంది, చివరికి నీలం పొగ. టర్బో మార్చాలంటే చిన్న ఖర్చు కాదు, కాబట్టి ఆయిల్ దగ్గర బేరం పనికిరాదు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే (ఆయిల్ చిక్కదనం నంబరు) పోయించండి. 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. ఎండలు కదా అని 20డబ్ల్యూ-50 పోయమనే మెకానిక్ మాట వినకండి. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అనే నాణ్యత ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. తక్కువ ఆర్‌పీఎంలో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను విరిచే జబ్బు ఒకటి డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోల్లో ఉంది. ఆయిల్ దాన్ని అదుపు చేస్తుందో లేదో చూసే పరీక్ష ఆ ప్రమాణంలో భాగం. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా వాళ్లకు కంపెనీ అప్రూవల్ నంబరు కూడా సరిపోవాలి.

గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు, అరండల్‌పేట మధ్య రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పే బండ్లకు ఇంకో తలనొప్పి ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆగిపోతుంది కాబట్టి పెట్రోలు కొద్దికొద్దిగా ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినా, పెట్రోలు వాసన వచ్చినా ఆయిల్ మార్చాల్సిందే. అలాంటి వాడకానికి కిలోమీటర్లు నిండేదాకా ఆగకుండా ఆరు నెలలకోసారి మార్చడం మేలు.

కూలెంట్ ట్యాంకు ఉదయం చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గితే బోరు నీళ్లు పోయకండి, ఆ ఉప్పు రేడియేటర్ సన్న గొట్టాల్లో పొరగా కడుతుంది. కంపెనీ చెప్పిన రకం రెడీమిక్స్, లేదా సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్. వేర్వేరు రకాలు కలిపితే జిగురులా మారే ప్రమాదం ఉంది, రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటే అనుకోకూడదు. ట్యాంకు మూత కూడా ఒక పార్టేనని చాలామందికి తెలియదు. లోపలి ప్రెషర్ వల్లే కూలెంట్ 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత రబ్బరు పోతే ముందే మరుగుతుంది. నెలనెలా మట్టం దిగుతోందంటే నింపుకుంటూ పోకుండా లీకు పట్టించండి.

గాలి దారి మాటకొస్తే, 30 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 5 శాతం పల్చన. ఆ లోటు పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి, గాలి ఇంకా వేడెక్కుతుంది, నాకింగ్ (మిశ్రమం తనంతట తానే అంటుకుని ఇంజిన్ టకటకమనడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం పికప్ కొంచెం తగ్గడం రిపేరు కాదు. సాయంత్రం చల్లబడ్డాక కూడా లాగకపోతే, లేదా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం కొత్తగా వస్తే, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగం) పైపుల క్లిప్పులు, గట్టిపడిన రబ్బరు హోసులు చూపించండి. బంపర్ వెనక రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఇంటర్‌కూలర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, మట్టి మామూలు పైపు ధారతో కడగాలి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము పడితే మార్చండి, కంప్రెసర్ గాలితో ఊదించకండి. కాగితం చిరిగితే ఆ ఇసుక నేరుగా టర్బో రెక్కలకు తగులుతుంది.

స్పార్క్ ప్లగ్‌లు గడువు దగ్గరపడి ఉంటే ఇప్పుడే మార్చేయండి. ప్లగ్ కొనల మధ్య గ్యాప్ కంపెనీ చెప్పినంతే.

నడపడంలో రెండే సంగతులు. కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో 1,200 ఆర్‌పీఎం దగ్గర ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి, ఒక గేరు దించండి. పైన చెప్పిన పిస్టన్ విరిచే జబ్బు పుట్టేది సరిగ్గా అక్కడే. రెండోది ఆపడం. గుంటూరు నుంచి హైవే మీద వచ్చి వారధి దాటితే బెంజ్ సర్కిల్ ట్రాఫిక్కే టర్బోను చల్లబరుస్తుంది, ఇంటి ముందు కూర్చుని ఐడిల్ చేయక్కర్లేదు, అంటే బండి కదలకుండా ఇంజిన్ తిరగనివ్వక్కర్లేదు. మంగళగిరి దగ్గర వందలో వెళ్తూ నేరుగా హోటల్ ముందు ఆపితే మాత్రం ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. అప్పుడు ఆటో స్టార్ట్-స్టాప్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఇంజిన్ తనంతట తానే ఆగిపోతుంది. ఆపిన తర్వాత కూడా ఫ్యాన్ కాసేపు తిరిగితే కంగారు పడకండి, అది తిరగాల్సిందే.

టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, పక్కకు తీయండి. ఆవిరి లేకపోతే, కూలెంట్ కారకపోతే ఐడిల్‌లోనే కొద్దిసేపు చూడండి. ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి వచ్చినా, కూలెంట్ కారినా వెంటనే ఆపేయండి. కనీసం గంట దాకా మూత ముట్టుకోకండి, వేడి ఇంజిన్ మీద నీళ్లు చల్లకండి, అల్యూమినియం హెడ్ వంకరపోతుంది. ఆయిల్ లైటు వెలిగితే పక్క షెడ్డు దాకా కూడా నడపొద్దు, టో చేయించండి.